నాలుగు ఎర్ర కుట్లు

లాండ్రీ తలుపు తియ్యగానే గుర్తులక్క చేసే మొదటి పని వెనక గదిలోకి వెళ్ళి కోటు పిండడం. నీలం రంగు కోటు, ఇత్తడి బొత్తాలు. కొక్కేనికి వేలాడుతూ ఉండేది, కింద బకెట్ ఉండేది. తెల్లారేసరికి బకెట్ ముప్పాతిక నిండేది. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ చెయ్యి, చివర వీపు. ఈ వరుస ఏనాడూ మారలేదు. పిండిన కోటుని మళ్ళీ తగిలించి, ఆ నీళ్ళతో దుకాణం గుమ్మం కడిగి, చేతులు తుడుచుకుని, అప్పుడు కాఫీ తాగేది. జ్వరం వచ్చిన రోజున కూడా కోటు పిండాకే మంచం ఎక్కేది.

నలభై ఏళ్ళ కిందట పెద్ద పడవ మునిగిన రోజున నదిలో తడిసిన బట్టలు ఆరవు. ఆ ఊళ్ళో ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఎండలో వేసినా, పొయ్యి పక్కన పెట్టినా, ఇస్త్రీ పెట్టె కింద నొక్కినా కాసేపటికి మళ్ళీ చెమ్మ పుట్టి బొట్లు బొట్లుగా కారేవి. అందుకని జనం ఎవరి ఏర్పాట్లు వాళ్ళు చేసుకున్నారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు "మాదో చొక్కా ఉంది, వరండాలో కారుతుంది, మీకు ఇబ్బంది లేదు కదా" అని ముందే అడిగేవారు. వీధి చివర రొట్టెల దుకాణం నడిపే రొట్టెల వదిన తన భర్త చొక్కాని కిటికీకి వేలాడదీసేది. దాని మీదుగా వచ్చే గాలి చల్లగా ఉండేది, ఎండాకాలంలో జనం ఒక రొట్టె కొని పది నిమిషాలు నిలబడేవారు.

"బతికున్నన్నాళ్ళూ దుకాణంలో ఒక్క రోజు నిలబడలేదు మహానుభావుడు. ఇప్పుడు చూడు, సెలవన్నదే లేదు" అనేది ఆవిడ, చొక్కా కాలర్ సరిచేస్తూ.

ఆ పడవలో నూట అరవై మంది పోయారు. దేశమంతా జెండాలు దించారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ తారీఖున, పోయినవాళ్ళ మనుషులూ బతికి బయటపడ్డవాళ్ళూ రేవు మెట్ల మీద కూర్చునేవారు. ఆరని బట్ట ఒళ్ళో, కింద గిన్నె. బట్ట లేనివాళ్ళు మెట్లు దిగరు, పైన కటకటాల దగ్గర నిలబడతారు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదది, అలా అయిపోయింది. గుర్తులక్క మనుషులెవరూ ఆ పడవలో లేరు. అయినా ఆవిడ ఏటా మెట్ల మీదే కూర్చునేది. పడవ కంపెనీ నౌకర్లు పదకొండు మంది పోయారు, వాళ్ళలో ఎవరిదో తెలియకుండా మిగిలిపోయిన కోటు ఆ వెనక గదిలోది. దిక్కులేని కోటుకి తోడుగా ఆవిడ కూర్చునేది.

లాండ్రీలో బట్టల మీద పేర్లు రాయరు. కాలర్ లోపల దారంతో గుర్తు కుడతారు. రొట్టెల వదినవి రెండు పచ్చ కుట్లు. బడి పంతులుగారివి ఒక నల్ల ఇంటూ గుర్తు. ఊళ్ళో నాలుగు వందల ఇళ్ళ గుర్తులు ఆవిడకి కంఠతా వచ్చు, అందుకే ఆ పేరు. దుకాణం మీద ఆవిడ తండ్రి పెట్టించిన బోర్డు ఉండేది: "విచారణ సంఘం మెచ్చిన లాండ్రీ. ఒక్క గుర్తు కూడా తప్పలేదు."

ఆ మెప్పు ఎలా వచ్చిందో చెప్పాలి. ప్రమాదం వస్తే గంట కొట్టి, అందరూ దిగాక ఆఖర్న దిగడం పడవలో గంట మనిషి పని. మునిగిన రోజున గంట మనిషి ఒడ్డున స్పృహ లేకుండా దొరికాడు. ఆసుపత్రిలో లోపలి బట్టలు కత్తిరించి పారేశారు, కోటు మాత్రం మిగతా బట్టల కుప్పలో లాండ్రీకి వచ్చింది. పడవ ఒరిగేటప్పుడు గంట కొడుతూనే ఉన్నానని, గంటతో పాటే నీళ్ళలో పడ్డానని అతను చెప్పాడు. విచారణ సంఘం అతని కోటు పంపమంది. గుర్తులక్కకి అప్పుడు పధ్నాలుగేళ్ళు. నాలుగు ఎర్ర కుట్లున్న కోటు వెతికి తనే తీసిచ్చింది. ఆ కోటు వారం తిరక్కుండా ఎండి పెళపెళలాడింది. నదిలో పడ్డ బట్ట ఆరదు, ఈ కోటు ఆరింది, కనక ఈ మనిషి నదిలో పడలేదు అని సంఘం తేల్చింది. ఒంటి మీద తడి వాన తడి అన్నారు. నేను వేసుకున్నది ఇది కాదు, ఇంకోటి అని అతను మొత్తుకుంటే, ఆ గుర్తుతో ఇంకో కోటు లేదని లాండ్రీ చెప్పింది. "విధి వదిలి ముందే దిగిపోయాడు" అని ఒక్క వాక్యం రాసి అతన్ని పంపేశారు, గుర్తు చూసి కోటు తీసిచ్చిన లాండ్రీని మెచ్చుకున్నారు.

ఆ వాక్యం కింద అతను నలభై ఏళ్ళు బతికాడు. గంట పెద్దాయన అని పిలిచేంత ముసలివాడయ్యాడు. రొట్టెల వదిన అతనికి రొట్టె చేతికివ్వదు, బల్ల మీద పెడుతుంది. అతను ప్రతి సోమవారం మూట పట్టుకుని లాండ్రీకి వచ్చేవాడు. గుర్తులక్క మూట అందుకుని "గురువారం రండి" అనేది. గురువారం మూట ఇచ్చి "ఇదిగోండి" అనేది. అంతే.

"ఆయనతో ఇంకో రెండు మాటలు మాట్లాడితే నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా?" అని ఆవిడ మొగుడు ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి అడిగేవాడు.

"గంట కొట్టాల్సిన రోజున కొట్టని మనిషితో నాకు మాటలేమిటి?"

"నువ్వు విన్నావా పెట్టావా?"

"రాసి ఉంది కదా" అనేది ఆవిడ. రాసి ఉన్నదాని మీద ఆవిడకి గౌరవం ఎక్కువ.

నలభయ్యో ఏడు దగ్గర పడుతుండగా ఒక అమ్మాయి సంచీ నిండా కాగితాలతో ఊళ్ళోకి దిగింది. పడవ గురించి జనం జ్ఞాపకాలన్నీ పోగు చేసి పుస్తకం వేస్తున్నారట. బళ్ళలో ఇక మీదట చరిత్ర పాఠం ఆ పుస్తకం చూసే రాస్తారట. వీధిలో అందరూ ఆమెని పుస్తకాలమ్మాయి అన్నారు. నెల రోజులు ఇల్లిల్లూ తిరిగి, కారే చొక్కాల కింద కూర్చుని రాసుకుని, చివరికి లాండ్రీకి వచ్చింది.

"ఆంటీ, మీరే కదా బట్టలు సర్దింది?"

"ఆంటీ ఏమిటి? అక్కా అను. ఊరంతా అదే అంటారు."

ఆ అమ్మాయి ఇస్త్రీ బల్ల మీద పెద్ద కాగితం పరిచింది. పడవ బొమ్మ. అందులో చిన్న చిన్న చుక్కలు, కొన్ని ఎర్రవి, కొన్ని నల్లవి.

"ఇవేమిటి?"

"బతికినవాళ్ళు కూర్చున్న చోట్లక్కా. గంట విన్నామన్నవాళ్ళు ఎర్ర చుక్కలు, వినలేదన్నవాళ్ళు నల్ల చుక్కలు. సగం మంది విన్నామని, సగం మంది వినలేదని చెప్పారని అప్పట్లో ఎవరి మాటా నమ్మలేదు. జ్ఞాపకాలంటే ఇంతే, ఎవడికి తోచింది వాడు చెబుతాడు అని పక్కన పడేశారు. చోట్లు గీసి చూడండి."

ఇస్త్రీ పెట్టె నిలబెట్టి మొగుడు కూడా వంగి చూశాడు. నల్ల చుక్కలన్నీ వెనక, ఇంజను గది చుట్టూ ఉన్నాయి. ఎర్ర చుక్కలన్నీ ముందు భాగంలో ఉన్నాయి.

"ఇంజను రొదలో కూర్చున్నవాడికి గంటేం వినిపిస్తుంది" అన్నాడు మొగుడు.

"అంతే బాబాయ్. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి చోటు నుంచి వాళ్ళు చెప్పారు."

"అయితే గంట మోగింది."

"మోగిందనే నాకు అనిపిస్తోంది. కానీ కోటు ఆరిపోయింది కదా. పుస్తకం వేసే మావాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఇరవయ్యో తారీఖున పుస్తకం ప్రెస్సుకి వెళ్ళిపోతుంది. అందులో మళ్ళీ ఆ పాత వాక్యమే అచ్చవుతుంది. గంట పెద్దాయన్ని అడిగితే, ఒకసారి అడిగి రాసుకున్నారు కదమ్మా అని తలుపేసుకున్నారు."

గుర్తులక్క కాగితం మడత పెట్టి ఆమె చేతికిచ్చింది. "కోటు నేనే ఇచ్చాను. గుర్తు చూసే ఇచ్చాను. రాసుకో." అని మొదలుపెట్టి ఆ రోజు సంగతంతా చెప్పింది. బళ్ళ మీద వచ్చిన బట్టలు, తండ్రి ఏడుస్తూ ఉతకడం, తను గుర్తులు చూసి కుప్పలు వెయ్యడం. పావుగంటలో అయిపోయింది.

"ఇది చాలాసార్లు చెప్పారు కదక్కా?"

"ఏటా చెబుతాను. ఒక్క మాట మారదు."

"అదే నాకు భయం" అంది అమ్మాయి. "సరే, ఆ రోజు వదిలెయ్యండి. ముందు రోజు ఏం చేశారు?"

"ముందు రోజా? ముందు రోజు ఏముంది? సోమవారం. ఉతుకు."

"ఏం ఉతికారు?"

ఇలా ఎవరూ అడగలేదు. గుర్తులక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది. "దుప్పట్లు. పంతులుగారి పంచెలు... ఒక గ్రీజు మరక బాగా ఏడిపించింది. గంటకి పూసే గ్రీజు, నల్లటిది. జేబు మీద అంటించుకొచ్చాడు. కిరసనాయిలు గుడ్డతో గంట సేపు రుద్దాను. గోళ్ళు నల్లగా అయిపోయాయి. మర్నాడు పడవ మునిగిందని కేక వినపడేసరికి నేను ఇంకా గోళ్ళే తోముకుంటున్నా..."

ఆవిడ తన గోళ్ళకేసి చూసుకుంది. ఇస్త్రీ బల్ల మీద చొక్కా కమురు వాసన వచ్చింది, మొగుడు గబుక్కున పెట్టె ఎత్తాడు.

"ఈ రోజుకి చాలు" అంది గుర్తులక్క. "దుకాణంలో పనుంది."

ఆ రోజు ఆవిడ నాలుగు దుప్పట్లు తప్పు మడత పెట్టింది. మొగుడు వాటిని విప్పి మళ్ళీ మడిచాడు.

సాయంత్రం బేరం తగ్గాక వెనక గదిలోకి వెళ్ళి, కోటుని కిటికీ వెలుతురులోకి తెచ్చింది. ఎవరిదో తెలియని బట్టని పిండడం తప్ప ఇంకేమీ చెయ్యకూడదని తండ్రి పెట్టిన నియమం. ఉతక్కూడదు, ఇస్త్రీ చెయ్యకూడదు, దుమ్ము కూడా దులపకూడదు. ఆవిడ నియమం తప్పే మనిషి కాదు. పధ్నాలుగేళ్ళప్పుడు కాలర్ లోపల దారం లేదని చూసి గుర్తు లేని కుప్పలో వేసింది. ఆ తర్వాత ఏనాడూ కాలర్ తిప్పి చూడలేదు. రోజూ చేత్తో పట్టుకున్న బట్ట.

ఇప్పుడు తిప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని, వేలి కొసతో తడిమింది. దారం పోయినా సూది దిగిన చోటు పోదు. జతలు జతలుగా ఎనిమిది సన్నటి బొక్కలు. నాలుగు కుట్లు. కుడి చేతి అంచు బొత్తానికి జనపనార తాడు పీచు చుట్టుకుని ఉంది, ఒక చుట్టు కాదు, మూడు. తాడు మణికట్టుకి చుట్టుకుని గంట కొట్టానని అతను విచారణలో చెప్పినప్పుడు ఎవరో నవ్వారు. తన తండ్రి పక్కన కూర్చుని తను కూడా నవ్వింది.

తను ఇచ్చింది ముందు రోజు ఉతికిన కోటు. పడవ మునిగేటప్పటికి అది లాండ్రీలోనే, వాన ముసురుకి ఇంకా ఆరక, తీగ మీద ఉంది. గుర్తు కనపడింది కాబట్టి బట్ట సంగతి చూడలేదు. గుర్తులు నేర్చుకుని పెరిగిన మనిషి చేసే తప్పే అది.

ఆవిడ ముందు గదిలోకి వచ్చి మొగుడికి మొత్తం చెప్పింది. అతను పెట్టె హ్యాండిల్ తుడిచి పక్కన పెట్టాడు.

"ఒక మాట చెప్పనా? సోమవారం ఆయన మూట వస్తుంది కదా. గురువారం తిరిగిచ్చేటప్పుడు అందులో కోటు పెట్టేద్దాం. ఆయనకి అర్థమవుతుంది. మీ నాన్న పేరూ నిలబడుతుంది."

"ఆయన మాట పడింది ఎక్కడ?"

"ఎక్కడంటే... అందరి ముందూ."

"అందరి ముందూ పడ్డ మాటని మూటలో పెట్టి తీసేస్తారా మీరు?"

"నేనేదో నీ కోసం అన్నానే."

"తెలుసు. నిచ్చెన తియ్యండి. బోర్డు దించాలి."

"ఇప్పుడా? టిఫిను?"

"దించాక తినండి."

మర్నాడు పొద్దున్నే పుస్తకాలమ్మాయి బస చేసిన చోటికి వెళ్ళి, గుర్తులక్క మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి సోమవారం నుంచి మొదలుపెట్టింది. అమ్మాయి రాసుకుంది. ఇద్దరూ కలిసి పడవ స్మారక భవనానికి వెళ్ళి, విచారణ తర్వాత అక్కడ అద్దాల పెట్టెలో పెట్టిన పొడి కోటు తీయించారు. జేబు మీద గ్రీజు మరక తాలూకు నీడ ఇంకా కనిపిస్తోంది. కిరసనాయిలు ఎక్కువ పడి రంగు వెలిసిన చోటు అరచేతి వెడల్పున ఉంది. గుర్తులక్క దాని మీద తన అరచెయ్యి పెట్టి చూపించింది. అక్కడి అధికారి చూశాడు, మళ్ళీ చూశాడు, కుర్చీ తెప్పించి కూర్చుని చూశాడు.

"అక్కా, ఇది అచ్చులో మీ లాండ్రీ తప్పు అని వస్తుంది. చదివిన ప్రతివాడికీ తెలుస్తుంది" అంది అమ్మాయి.

"నాన్నగారి తప్పు అని మాత్రం రాయకు. ఆయన నేను చెప్పింది నమ్మారు. నా తప్పని రాయి." ఆవిడ కాగితం కింద సంతకం పెట్టింది. ఆవిడ చదివింది ఐదో తరగతి వరకే, సంతకం మాత్రం గుండ్రంగా, తప్పు లేకుండా ఉంటుంది.

సోమవారం గంట పెద్దాయన మూటతో వచ్చాడు. మూట బల్ల మీద పెట్టి, "గురువారం" అన్న మాట కోసం ఎదురు చూశాడు.

"లోపలికి రండి పెద్దాయనా" అంది గుర్తులక్క.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినైనా పిలుస్తోందేమోనని. తర్వాత వెనక గదిలోకి వచ్చి కోటు చూశాడు. కాలర్ వైపు చూడలేదు, తిన్నగా కుడి చేతి అంచు పట్టుకున్నాడు.

"మూడు చుట్లు" అన్నాడు.

"మూడు."

"ఎక్కడ దొరికింది?"

"ఎక్కడా దొరకలేదు. ఇక్కడే ఉంది. గుర్తు ఊడిపోయింది, నేను పోల్చుకోలేదు. మీరు ఉతకమని ఇచ్చిన కోటు పంపించాను. పుస్తకంలో రాయించాను, అంతా ఉన్నదున్నట్టు. నన్ను క్షమించమని అడగను పెద్దాయనా. అడిగితే మీరు పోనీలే అంటారు. అప్పుడు నాకు తేలికైపోతుంది."

ఆయన అంచు వదల్లేదు. నీళ్ళు ఆయన మోచేతి దాకా కారాయి.

"రేవు మెట్ల మీద ఏటా నీ ఒళ్ళో ఉండేది ఇదేనా?"

"ఇదే."

"పై నుంచి చూసేవాణ్ణి. పాపం ఎవడిదో అనుకునేవాణ్ణి." అంచు పిండి చూశాడు. "రోజూ పిండేదానివా?"

"రోజూ."

"ఇస్త్రీ చెయ్యలేదేం? ముడతలు చూడు."

"ఎవరిదో తెలియని బట్టకి మేం ఇస్త్రీ చెయ్యం."

"ఇప్పుడు తెలిసింది కదా. చెయ్యి మరి."

మొగుడు పెట్టె బాగా కాల్చి ఇచ్చాడు. కోటు మీద పెట్టగానే బుస్సుమని ఆవిరి లేచి దుకాణమంతా నిండింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగి చూశారు. కోటు ఏమీ ఆరలేదు, కానీ మడతలు తీరాయి. గుర్తులక్క ఎర్ర దారం సూదికెక్కించి, పాత బొక్కల్లోంచే నాలుగు కుట్లు వేసింది. జనపనార పీచు జోలికి పోలేదు.

బోర్డు మళ్ళీ ఎక్కింది. పైన ఉన్నవన్నీ తెల్ల రంగుతో కొట్టేసి మొగుడు కొత్తగా రాశాడు: "లాండ్రీ. ఒక్క గుర్తు తప్పింది." నాలుగు వందల గుర్తుల్లో ఒక్కటేనా అని జనం నవ్వుకున్నారు. ఒకాయన తన బట్టలు పక్క వీధి లాండ్రీకి మార్చుకున్నాడు, రెండు వారాలకి తిరిగొచ్చాడు. అక్కడ ఎన్ని తప్పాయో బోర్డు మీద రాయలేదట.

పుస్తకం వచ్చింది. పాత వాక్యం అందులో ఉంది, దాని కింద అది ఎలా తప్పో చెప్పే మూడు పేజీలున్నాయి, చుక్కల బొమ్మ ఉంది. బడిలో పంతులుగారు ఆ బొమ్మ నల్లబల్ల మీద గీసి, మీ తాత ఎక్కడ కూర్చున్నాడు, మీ అమ్మమ్మ ఎక్కడ కూర్చుంది అని పిల్లల్ని అడిగి చుక్కలు పెట్టించారు.

ఆ ఏడు ఆ తారీఖు పొద్దున గుర్తులక్క అలవాటు కొద్దీ గిన్నె పట్టుకుని బయలుదేరి, సగం దారిలో గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళి ఇంట్లో పెట్టి వచ్చింది. మెట్ల దాకా వెళ్ళి, పైన కటకటాల దగ్గరే ఆగింది. గంట పెద్దాయన ఏటా నిలబడే చోటది. కడ్డీ మీద ఆయన చేతులు ఆనించి ఆనించి ఒకచోట రంగు లేచిపోయింది. ఆవిడ తన చేతులు అక్కడే పెట్టింది. అక్కడి నుంచి నది అంతా కనిపిస్తుందని ఆవిడకి అప్పుడే తెలిసింది.

ఆయన కోటు ఒళ్ళో పెట్టుకు రాలేదు, తొడుక్కుని వచ్చాడు. బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. వీధి పొడుగునా నీళ్ళ చార గీసుకుంటూ వచ్చి, మెట్లు దిగి, ఆఖరి వరసలో రొట్టెల వదినకి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. చేతి అంచు నుంచి నీళ్ళు మెట్టు మీద పడి, పాకుతూ వెళ్ళి రొట్టెల వదిన చెప్పుల్ని తాకాయి.

ఆవిడ చెప్పులు చూసుకుంది. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కళ్ళతో వెతుక్కుంటూ వెళ్ళి, కుడి చేతి బొత్తానికున్న తాడు పీచు దగ్గర ఆగింది. ఆ తర్వాత నది వైపు తిరిగింది.

"ఇక్కడికొచ్చేవాళ్ళు గిన్నె తెచ్చుకోవాలని తెలీదా?" అంది.

"ఎప్పుడూ రాలేదు కదమ్మా" అన్నాడాయన.

రొట్టెల వదిన ఒళ్ళో చొక్కాని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తన గిన్నెని ఇద్దరి మధ్యకి జరిపింది.